నాన్న సీడీల డైరీ: 187 డిస్కులు, మూడు డ్రైవులు

జూన్ 8, ఆదివారం

కాకినాడ ఇల్లు ఖాళీ చేసి నాన్నని హైదరాబాద్ తెచ్చుకున్నప్పుడు సామానుతో పాటు నాలుగు అట్టపెట్టెల సీడీలు కూడా వచ్చాయి. ఏడాదిగా మంచం కిందే పడి ఉన్నాయి. పోయిన నెల నాన్న సీడీ ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసింది. "పోనీలేరా, ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయిగా" అన్నారు. అన్నీ దొరకవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇవాళ పెట్టెలు విప్పి లెక్క పెట్టాను. మొత్తం 187. అందులో 31 ఎంపీ3 డిస్కులు, ఒక్కోదాంట్లో వంద పాటలు కుక్కినవి. వాటిని రిప్ చేయడం (ఆడియో సీడీలోని పాటని కంప్యూటర్ ఫైలుగా తీయడం) అంటూ ఏమీ లేదు, ఫైళ్లు కాపీ చేసుకోవడమే. 14 వీడియో సీడీలు, అవి వేరే కథ. పోగా 131 అసలైన ఆడియో సీడీలు, 11 ఇంట్లోనో నెట్ సెంటర్లోనో రాసిన సీడీ-ఆర్‌లు. ఈ పదకొండులో ఒకదాని మీద నల్ల మార్కర్‌తో "చెల్లాయి కచేరీ" అని నాన్న చేతిరాత. మా మేనత్త ఆరాధనోత్సవాల్లో పాడింది. సభవాళ్లు క్యాసెట్ మీద రికార్డు చేస్తే, దాన్ని ఎవరో సీడీలోకి ఎక్కించి ఇచ్చారు. క్యాసెట్ ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్క ప్రతి.

దాన్ని చివరికి చేద్దామని పక్కన పెట్టాను. ముందు చెయ్యి తిరగాలి.

లాప్‌టాప్‌లో ఉన్న ప్లేయర్‌తో ఒక సీడీ రిప్ చేసి చూశా. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వింటే బాగానే ఉంది. అదే డిస్కుని మళ్లీ ఒకసారి చేశా, ఊరికే. రెండు ఫోల్డర్లలోని ఫైళ్లు పోల్చి చూస్తే ఆరో పాట ఒకలా లేదు. సైజు అదే, లోపలి సరుకు వేరు. రెండింటిలో ఏది నిజం? చెవికి మాత్రం తేడా తెలియలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నా.

జూన్ 11, బుధవారం

ఈ రెండు రోజులూ చదువుతూ కూర్చున్నా. ఎందుకిలా అవుతుందో ఇప్పుడు కొంత అర్థమైంది.

సీడీలో సెకనుకి 75 సెక్టార్లు, అంటే డేటా ముక్కలు. ఒక్కో సెక్టార్‌లో 2352 బైట్లు. అదే డేటా సీడీ అయితే ఆ 2352లో మన ఫైలుకి దక్కేది 2048 మాత్రమే, మిగతా దాంట్లో ఆ సెక్టార్ అడ్రసు, తప్పుల్ని పట్టుకుని దిద్దే అదనపు కోడ్ ఉంటాయి. ఆడియో సీడీలో 2352కి 2352 సంగీతానికే ఇచ్చేశారు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఈ ప్రమాణం రాసినప్పుడు వాళ్ల దృష్టిలో ఉన్నది ప్లేయర్, కంప్యూటర్ కాదు. ఆడియోకీ కింది స్థాయిలో తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది, మామూలు గీతలన్నీ అక్కడే సర్దుకుంటాయి. అదీ చేతులెత్తేస్తే డ్రైవ్ అటూ ఇటూ ఉన్న శాంపిళ్లని (శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలని) చూసి మధ్యలోది ఊహించి నింపేస్తుంది. పాట ఆగదు, వినేవాడికి తెలియదు. ప్లేయర్‌కి అది మంచి గుణమే. కాపీ తీసేవాడికి మాత్రం అదే ముప్పు. డేటా సీడీ పాడైతే కాపీ అవ్వదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఆడియో సీడీ పాడైతే నవ్వుతూ అబద్ధం చెబుతుంది.

కాబట్టి నాకు కావాల్సింది వేగంగా చేసే సాఫ్ట్‌వేర్ కాదు, డ్రైవ్ మాట నమ్మని సాఫ్ట్‌వేర్.

తిరిగి తిరిగి మూడు నాలుగు పేర్ల దగ్గరికి వచ్చా. విండోస్‌కి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, అందరూ ఈఏసీ అనేది. జర్మనీకి చెందిన ఆండ్రే వీథాఫ్ 1998 నుంచి చేస్తున్నది, ఉచితం. డీబీపవర్‌యాంప్, డబ్బు పెట్టి కొనాలి, సౌకర్యంగా ఉంటుందట. మ్యాక్‌కి ఎక్స్ఎల్‌డీ. లైనక్స్‌కి విప్పర్, దాని వెనక పని చేసేది సీడీపారనోయా. పారనోయా అంటే అనుమానపు జబ్బు, ఈ పనికి అంతకంటే సరైన పేరు లేదు. నా దగ్గర ఉన్నది విండోస్ లాప్‌టాప్, ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు, కాబట్టి ఈఏసీ. చూడ్డానికి 2000 నాటి సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. మెనూలో మెనూ, దాంట్లో ఇంకో మెనూ. కానీ పని అయ్యాక ఇచ్చే లాగ్ ఫైలు చూస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ చూసినంత నిమ్మళం.

జూన్ 15, ఆదివారం

ఇవాళంతా సెట్టింగులే. మా ఆవిడ రెండుసార్లు వచ్చి "ఇంకా ఒక్క పాట కూడా ఎక్కలేదా" అని అడిగింది.

ముందు డ్రైవ్ సంగతి. నేను కొన్న యూఎస్‌బీ స్లిమ్ డ్రైవ్‌ని ఈఏసీ పరీక్షించి మూడు విషయాలు చెప్పింది. అక్యురేట్ స్ట్రీమ్ ఉంది, అంటే ముక్క తర్వాత ముక్క తెగకుండా వరసగా ఇస్తుంది, మంచిది. ఆడియోని క్యాష్ చేస్తుంది, జాగ్రత్త. సీ2 ఎర్రర్ సమాచారం ఇస్తుంది, ఇచ్చినా నమ్మను.

క్యాష్ ఎందుకు ముఖ్యమంటే, ఈఏసీ సెక్యూర్ మోడ్‌లో ప్రతి సెక్టార్‌నీ కనీసం రెండుసార్లు చదువుతుంది. రెండూ కలిస్తే ముందుకు వెళ్తుంది. డ్రైవ్ తన జ్ఞాపకంలో ఉన్నదాన్నే రెండోసారి కూడా తీసి ఇస్తే ఆ పోలికకి అర్థమే లేదు. సాక్షిని మళ్లీ వెళ్లి చూసి చెప్పమంటే, కుర్చీలోంచి లేవకుండా ఇందాక చెప్పిందే అప్పజెప్పినట్టు. అందుకే డ్రైవ్ క్యాష్ చేస్తుందని టిక్కు పెడితే, ఈఏసీ ప్రతిసారీ ఆ జ్ఞాపకాన్ని తుడిపించి మళ్లీ డిస్కు దగ్గరికే పంపుతుంది. వేగం బాగా పడిపోతుంది. పడనీ.

సీ2 టిక్కు తీసేశా. అది పెడితే "ఇక్కడ తప్పు జరిగింది" అని డ్రైవే చెబుతుంది, చెప్పని చోటల్లా సరిగ్గా ఉన్నట్టు లెక్క. పని చకచకా అయిపోతుంది. కానీ అన్ని డ్రైవులూ అన్ని తప్పుల్నీ ఒప్పుకోవు. దొంగని కాపలా పెట్టినట్టే.

రెండుసార్లు చదివినవి కలవకపోతే ఈఏసీ చేసే పని నాకు భలే నచ్చింది. ఆ సెక్టార్‌ని 16 సార్లు చదువుతుంది, ఎనిమిది సార్లు ఒకే జవాబు వస్తే ఒప్పుకుంటుంది. రాకపోతే ఇంకో 16. ఎర్రర్ రికవరీ క్వాలిటీ హై అని పెడితే ఇలా ఐదు విడతలు. మొదటి రెండూ కలిపితే ఒక్క సెక్టార్‌కి, అంటే సెకనులో 75వ వంతుకి, 82 సార్లు. అప్పటికీ తేలకపోతే లాగ్‌లో "సస్పీషియస్ పొజిషన్" అని నిమిషం, సెకనుతో సహా రాసిపెడుతుంది. ఇదీ నాకు కావాల్సింది. తప్పు లేకుండా చేయకపోయినా పరవాలేదు, తప్పు ఎక్కడుందో చెప్పాలి.

మిగతావి గబగబా: నార్మలైజ్ (శబ్దం స్థాయి మార్చడం) ఆఫ్. పాట మొదట్లో, చివర్లో నిశ్శబ్దం కత్తిరించడం ఆఫ్. సీఆర్‌సీ (లోపలి సరుకు మారితే తనూ మారిపోయే గుర్తింపు సంఖ్య) లెక్కలో సున్నా శాంపిళ్లు కూడా కలపడం ఆన్. లాగ్ ఫైలు, దానికి చెక్‌సమ్ (ఇదీ అలాంటి సంఖ్యే), రెండూ ఆన్. పాటకి ముందున్న ఖాళీని అంతకు ముందు పాటకే అతికించడం, అది మొదటి నుంచీ అలాగే ఉంటుంది, ముట్టుకోలేదు. నాన్న దగ్గర కచేరీ సీడీలు చాలా ఉన్నాయి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, ముగిసి చప్పట్లు మొదలయ్యే చోట ట్రాక్ మారుతుంది, మధ్యలో అర సెకను గతుక్కుమంటే నాన్న ఊరుకోరు.

ఫార్మాట్ గురించి ఆలోచించేది ఏమీ లేదు, ఫ్లాక్. ఉన్నది ఉన్నట్టు దాచి సైజు తగ్గిస్తుంది. లెవెల్ 0 నుంచి 8 దాకా ఉంటే చాలామంది ఎనిమిదంటే క్వాలిటీ ఎక్కువనుకుంటారు. కాదు, ఏ లెవెల్ అయినా పాట ఒక్కటే, మూట ఎంత గట్టిగా కట్టామన్నదే తేడా. ఎనిమిది పెట్టా, కంప్యూటర్‌కి పనేం ఉంది కనుక. ఎన్‌కోడ్ చేస్తూనే సరిచూసుకునే వెరిఫై ఆప్షన్ కూడా పెట్టా.

జూన్ 18, బుధవారం

ఆఫ్‌సెట్ అనే తలనొప్పి.

ప్రతి డ్రైవ్ మోడల్ ఆడియోని కొన్ని శాంపిళ్లు ముందుగానో వెనకగానో చదువుతుంది, ఎప్పుడూ అదే లెక్క తప్పుతుంది. నా స్లిమ్ డ్రైవ్‌కి +6 దిద్దుబాటు. సెకనుకి 44,100 శాంపిళ్లలో ఆరు. దేవుడికి కూడా వినపడదు. మరి దీన్ని పట్టించుకోవడం ఎందుకు? నా రిప్‌ని ఇంకొకరి రిప్‌తో పోల్చాలంటే ఇద్దరమూ ఒకే చోట మొదలుపెట్టి ఉండాలి. అక్యురేట్‌రిప్ అనే డేటాబేస్ పని చేసేది అలాగే. ప్రపంచంలో ఎవరెవరో అదే సీడీని రిప్ చేసి పంపిన చెక్‌సమ్‌లు అందులో ఉంటాయి. నాది వాటితో కలిస్తే, వేరే ఊళ్లో, వేరే డ్రైవ్‌లో, వేరే ప్రతి మీద తీసినది నాదీ ఒక్కటే అన్నమాట. అందరికీ ఒకే చోట ఒకే తప్పు జరిగే అవకాశం లేదుగా.

ఆ +6ని ఖాయం చేసుకోవాలంటే డేటాబేస్‌లో బాగా తెలిసిన సీడీ ఒకటి డ్రైవ్‌లో పెట్టాలి. నాన్న 131లో ఒక్కటీ దానికి అంత బాగా తెలిసినది కాదు! చివరికి ఆఫీసులో ఒక ఫ్రెండ్ కాలేజీ రోజుల్లో కొన్న ఇంగ్లిష్ పాప్ ఆల్బమ్ అరువిచ్చాడు. పెట్టగానే గుర్తుపట్టింది. రిప్ చేస్తే పాటలన్నీ "అక్యురేట్లీ రిప్డ్", కాన్ఫిడెన్స్ 200. ఒకటికి రెండు వందల మంది సాక్షులు. ముచ్చటేసింది.

వెంటనే నాన్న డిస్కు ఒకటి పెట్టా. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్. లాగ్ చివర్లో ఒకే మాట: ఈ డిస్కు డేటాబేస్‌లో లేదు.

ఇంకో పది పెట్టి చూశా. సినిమా పాటల సంకలనాలు రెండింటికి మాత్రం ముగ్గురు నలుగురు సాక్షులు దొరికారు, బహుశా అమెరికాలో ఉన్న మనవాళ్లెవరో. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి డిస్కు ఒకటి కలిసింది. మిగతావి లేవు. కాకినాడలో, రాజమండ్రిలో క్యాసెట్ షాపుల్లో కొన్న భక్తి సీడీలని రిప్ చేసి లాగ్ పంపినవాడు ఈ భూమ్మీద ఇంకా లేడు. ఇంటర్నెట్‌లో ఉన్న సలహాలన్నీ "అక్యురేట్‌రిప్ కలిస్తే చాలు" అంటాయి. వాళ్ల సీడీలకి చాలు. మనవాటికి సాక్షిని మనమే వెతుక్కోవాలి.

జూన్ 21, శనివారం

రెండో సాక్షి కోసం సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి) వెళ్లా. పాత డెస్క్‌టాప్ డీవీడీ రైటర్ కావాలంటే షాపతను అటక మీద నుంచి అట్టపెట్టె దించి ముందు పెట్టాడు. "ఏదైనా తీస్కోండి సార్, ఎవరూ అడగట్లేదు." దుమ్ము తుడిచి బరువున్నది ఒకటి ఎంచుకున్నా. దీనికి యూఎస్‌బీ కరెంటు సరిపోదు, మోటారుకి 12 వోల్టులు కావాలి. అందుకని అడాప్టర్‌తో వచ్చే సాటా కన్వర్టర్ కూడా కొన్నా. మూడోది బీరువాలో ఉన్న పాత లాప్‌టాప్ లోపలి డ్రైవ్.

పద్ధతి ఇదీ. డేటాబేస్‌లో ఉన్న డిస్కు అయితే ఒక డ్రైవ్‌లో టెస్ట్ అండ్ కాపీ, చెక్‌సమ్ కలిస్తే అయిపోయినట్టే. లేనిదైతే స్లిమ్ డ్రైవ్‌లో టెస్ట్ అండ్ కాపీ, మళ్లీ సీటీసీ డ్రైవ్‌లో ఒకసారి. టెస్ట్ అండ్ కాపీ అంటే పాటంతా ఒకసారి ఊరికే చదివి సీఆర్‌సీ రాసుకుని, రెండోసారి చదివి ఫైలు చేయడం. ఒకే డ్రైవ్ రెండుసార్లూ ఒకే పొరపాటు చేయొచ్చు. రెండు వేరువేరు కంపెనీల డ్రైవులు ఒకే పొరపాటు చేయడం కష్టం.

జూన్ 22, ఆదివారం

ఉదయం నుంచి 14 డిస్కులు రెండు డ్రైవుల్లోనూ చేశా. సాయంత్రం పోలిస్తే ఒక్క పాట సీఆర్‌సీ కూడా కలవలేదు. ఒక్కటంటే ఒక్కటి.

టెన్షన్ వచ్చేసింది. నాన్న పక్కనే కూర్చుని "ఏమైందిరా" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఈఏసీలో రెండు వేవ్ ఫైళ్లని పోల్చే టూల్ ఉంటే దాంట్లో వేశా. ఎన్నో చోట్ల తేడాలు చూపిస్తుందనుకుంటే ఒకే లైను వచ్చింది: మొదట్లో 667 శాంపిళ్లు లేవు. అంతే. ఆ తర్వాతంతా అచ్చు గుద్దినట్టు ఒకటే.

667. అప్పుడు వెలిగింది. ఈఏసీ ఆఫ్‌సెట్‌ని ఒక్కో డ్రైవ్‌కి వేరుగా దాచుకుంటుంది. సీటీసీ డ్రైవ్‌కి నేను పెట్టనే లేదు, సున్నా ఉంది. ఫ్రెండ్ పాప్ సీడీ పెట్టి చూస్తే దానికి +667 అంది. స్లిమ్ డ్రైవ్‌ని ముందే సరిచేశా కాబట్టి తేడా సరిగ్గా ఆ 667. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది! అయినా 14 డిస్కులు సీటీసీ డ్రైవ్‌లో మళ్లీ తిప్పాల్సి వచ్చింది. తిప్పితే 13 మొత్తం కలిశాయి. పద్నాలుగోదాంట్లో ఒక పాట దగ్గర రెండు డ్రైవులూ వేరే మాటలు చెప్పాయి. వెలుతురుకి పట్టి చూస్తే లేబుల్ మీద గుండుసూది మొనంత రంధ్రం, అందులోంచి ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది. కింది వైపు గీత పడితే ఇంత లోతు ప్లాస్టిక్ ఉంది కాపాడటానికి. పై వైపు అల్యూమినియం పొరకీ మన గోరుకీ మధ్య ఉన్నది సన్నటి లక్క పూతే. మనం ఇన్నాళ్లూ కింద గీతలు పడకుండా సీడీని లేబుల్ మీదకి బోర్లించి పెట్టేవాళ్లం కదా. తిరగబడిన జాగ్రత్త.

జూన్ 29, ఆదివారం

52 డిస్కులు అయ్యాయి. గంట నిడివి డిస్కు రెండు డ్రైవులూ కలిపి ముప్పావు గంట పడుతోంది. ఆఫీసు పని చేసుకుంటూ మధ్యమధ్యలో డిస్కు మారుస్తున్నా. ట్రే చప్పుడు విని నాన్న తర్వాతి డిస్కు తుడిచి రెడీగా ఇస్తున్నారు. మెత్తటి నూలు గుడ్డ, కాస్త నీళ్లు, మధ్య నుంచి అంచుకి తిన్నగా. గుండ్రంగా తుడవకూడదని మొదటి రోజే చెప్పా. గుండ్రంగా గీత పడితే ట్రాక్ వెంబడే పోతుంది, అప్పుడు పక్కపక్క డేటా మొత్తం పోతుంది. అడ్డంగా పడితే ఒక్కో చుట్టులో కాస్తే. మా బాబాయ్ ఫోన్ చేసి టూత్‌పేస్ట్‌తో రుద్దమని సలహా ఇచ్చాడు. సరే బాబాయ్ అన్నాను.

పేర్లు పెట్టడం రిప్ చేయడం కంటే కష్టంగా ఉంది. సాఫ్ట్‌వేర్ పాటల నిడివులు చూసి ఇది ఫలానా డిస్కు అని ఆన్‌లైన్‌లో వెతుకుతుంది. అన్నమయ్య కీర్తనల సీడీ పెడితే యూరప్ జానపద పాటలని చెప్పింది, నిడివులు అలా కలిశాయేమో. దొరికినవాటిలో కూడా రాగాల పేర్లు ఒక్కోడు ఒక్కోలా రాశాడు. తోడికి మూడు స్పెల్లింగులు, కాంభోజికి నాలుగు. శంకరాభరణం సంగతి చెప్పక్కర్లేదు. వెతికితే ఒకటి దొరికితే మూడు దాక్కుంటాయి. అందుకే అన్నీ తెలుగు లిపిలోనే రాయాలని తీర్మానించుకున్నా. ఫైలులోనే వివరాలు రాసుకునే ఫ్లాక్ ట్యాగులు యూనికోడ్, తెలుగు హాయిగా పడుతుంది. పల్లవి మొదటి మాటలు, రాగం, తాళం, వాగ్గేయకారుడు, పాడినవారు, వయొలిన్, మృదంగం. రాగానికి వేరే ట్యాగ్ పెట్టా. సీడీ అట్ట మీద రాగం వేయనివి కూడా నాన్న విని చెబుతున్నారు, నేను టైప్ చేస్తున్నా. ఒకచోట "ఇది కేదారగౌళ అని వేశాడు గానీ కాదురా" అన్నారు. అట్ట మీదది వేయాలా, నాన్న చెప్పింది వేయాలా? నాన్నదే వేశా. కామెంట్‌లో అట్ట మాట రాశా.

ద్వారంగారి డిస్కు గురించి ఒక చిన్న విశేషం. 61 నిమిషాలు, అసలైతే దాదాపు 645 ఎంబీ. ఫ్లాక్ చేస్తే అందులో మూడో వంతు దగ్గరికి వచ్చేసింది. అన్ని డిస్కులూ సగమో, సగానికి కొంచెం పైనో వస్తుంటే ఇది ఎందుకిలా అని కంగారుపడ్డా. కంగారు పడాల్సిందేం లేదు. అది పాతకాలపు మోనో రికార్డింగు, ఎడమ కుడి రెండూ ఒకటే. ఫ్లాక్ అది కనిపెట్టి రెండో చానెల్‌ని దాదాపు ఏమీ ఖర్చు లేకుండా రాసేసింది.

దీనికి సరిగ్గా తలకిందులు ఇంకో డిస్కు. సంతలో కొన్నది, మెరిసే లేబుల్, రెండు డ్రైవుల సీఆర్‌సీలు అచ్చంగా కలిశాయి, ఒక్క ఎర్రర్ లేదు. కానీ తాళాల మోత డబ్బాలో వేసి ఊపినట్టుంది. స్పెక్ట్రమ్ తీసి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సైజు తగ్గించడానికి పై శబ్దాలని అలా కోసేసేది ఎంపీ3. ఎవరో ఎంపీ3ల్లోంచి ఆడియో సీడీ రాసి అచ్చు వేయించి అమ్మారు. చెత్తని చెత్తలాగే, ఒక్క బిట్టు పొల్లు పోకుండా కాపీ చేశాన్నేను.

జూలై 12, శనివారం

131లో 126 శుభ్రంగా వచ్చాయి. మూడింట్లో ఒక్కో పాటలో అనుమానపు చోట్లు మిగిలాయి, లాగ్‌లో ఉన్నాయి. ఒకదాన్ని సీయూఈ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ బాగుచేసింది. దాని డేటాబేస్‌లో చెక్‌సమ్‌తో పాటు చిన్న చిన్న తప్పులు దిద్దే సమాచారం కూడా ఉంటుంది, అదృష్టం కొద్దీ ఆ సినిమా పాటల డిస్కు అందులో ఉంది. మిగిలిన ఒక్కటీ పగిలిపోయి ఉంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. మొత్తం 45 జీబీ లోపే. నాన్న జీవితకాలపు షాపింగ్ అరవై నాలుగు జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేసింది. రెండు హార్డ్ డిస్కుల మీద కూడా పెట్టా. ఈ డిస్కుల చెక్‌సమ్‌లు అక్యురేట్‌రిప్‌కి పంపించేశా. రేపు టెక్సాస్‌లోనో తెనాలిలోనో ఎవరైనా ఇదే భక్తి సీడీ పెడితే, ఒక సాక్షి ఉంటాడు.

రేపు అత్తయ్య కచేరీ.

జూలై 13, ఆదివారం

తొమ్మిది ట్రాకులు. సీడీ-ఆర్‌లో డేటా ఉండేది రంగు పొరలో, అది ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తుంది, ఎక్కువగా అంచు వైపు నుంచి. సీడీ చదవడం మధ్య నుంచి అంచుకి. అంటే ముందు దెబ్బ తినేది చివరి పాట, మంగళం.

అలాగే జరిగింది. ఎనిమిది ట్రాకులు రెండు డ్రైవుల్లోనూ ఒకే సీఆర్‌సీ. తొమ్మిదోది స్లిమ్ డ్రైవ్‌లో గంటన్నర గింజుకుని 1:58 దగ్గర, 2:03 దగ్గర అనుమానం అని రాసింది. పాత లాప్‌టాప్ డ్రైవ్ అయితే డిస్కునే గుర్తుపట్టలేదు. సీటీసీ డ్రైవ్‌లో వేగం బాగా తగ్గించి పెట్టా. అది 1:58ని నింపాదిగా దాటేసింది, మళ్లీ చేస్తే మళ్లీ అదే చదివింది. 2:03 దగ్గర మాత్రం చేతులెత్తేసింది.

మంగళం స్లిమ్ డ్రైవ్‌లోనే చేసుకుని, 1:58 ముక్క వరకు సీటీసీ డ్రైవ్‌ది తెచ్చి అతికించా. ఆఫ్‌సెట్లు సరిచేసి ఉన్నాయి కాబట్టి శాంపిల్‌కి శాంపిల్ కూర్చుంది. మొన్న వినపడని ఆరు శాంపిళ్లకి ఇంత గొడవెందుకని విసుక్కున్నది ఇందుకే కాబోలు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అతికించేటప్పుడు ఒక జాగ్రత్త: ఎగుమతి చేసే ముందు డిథర్ ఆఫ్ చేయాలి. లేకపోతే అది మనం ముట్టుకోని శాంపిళ్లలో కూడా చిటికెడు రొద కలుపుతుంది. నేను మొదటిసారి మర్చిపోయా, పోల్చి చూస్తే ఫైలంతా తేడాలే వచ్చాయి. మళ్లీ చేశా.

2:03 దగ్గర సెకనులో మూడో వంతు మిగిలింది. అక్కడ ఉన్నది అత్తయ్య గొంతు కాదు, డ్రైవ్ ఊహ. కామెంట్ ట్యాగులో నిమిషం సెకనుతో రాసిపెట్టా.

రాత్రి భోజనాలయ్యాక స్పీకర్‌లో పెట్టాం. మంగళం దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీ అంచున కూర్చున్నా. 2:03 వచ్చింది, పోయింది. ఏమీ లేదు. సాఫీగా సాగిపోయింది. నాన్నకి తెలియలేదు, అక్కడుందని తెలిసిన నాకూ వినపడలేదు.

కానీ అంతకు ముందు, నాలుగో ట్రాక్‌లో, తోడి ఆలాపన మధ్యలో 2:41కి టక్, టక్ అని రెండు దెబ్బలు. మూడు సెకన్లాగి ఇంకొకటి. ఎండు కర్ర విరిగినట్టు. నా గుండె జారింది. లాప్‌టాప్ తెరిచి లాగ్ చూశా. నాలుగో ట్రాక్: ట్రాక్ క్వాలిటీ 100, టెస్ట్ సీఆర్‌సీ, కాపీ సీఆర్‌సీ ఒకటే, సీటీసీ డ్రైవ్‌ది కూడా అదే. డిస్కులో ఉన్నదే వచ్చింది. మరి క్యాసెట్ లోంచి ఎక్కించేటప్పుడు పడిందా? క్లిక్ తీసేసే ఫిల్టర్ ఒకటి ఉంది, కాపీ మీద ప్రయత్నించనా అని నాన్నని అడిగా.

"ఏం తీస్తావురా?"

మళ్లీ వినిపించా. టక్, టక్. నాన్న నవ్వారు.

"అది మృదంగం ఆయనరా. ఆలాపనలో ఆయనకి పనేం ఉంటుంది, రాయి పెట్టి శ్రుతి చేసుకుంటున్నాడు. ఆ రోజు మీ అత్త తర్వాత నా మీద విరుచుకుపడింది, ముందే చేసుకోవచ్చుగా అని. నేనేం చేశాను మధ్యలో."

అత్తయ్యకి ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాం. ఆమె రాజమండ్రి నుంచి రెండు నిమిషాలు మాట్లాడకుండా వింది. మూడో టక్ రాగానే, "అదిగో, మళ్లీ" అంది.